గుల్ల చెప్పు సాక్ష్యము

మోస్రా చుట్టుపట్టుల గ్రామములనుండి పాఠశాలకు వచ్చు బాలబాలికలలో సముద్రమును కన్నులార చూచినవారు మిక్కిలి కొద్దిమంది. మనకు తెలిసిన నీరు నిజాంసాగరు కాలువ నీరు, ఊరి చెరువు నీరు, వరిమడిలో నిలిచిన నీరు, చెరకు తోట బోదెలలో పారెడు నీరు. అట్టి మనము సముద్రపు నత్తల గుల్లలను గూర్చి చదువుట యెందులకని కొందరు అడుగవచ్చును. ఈ పాఠము వ్రాయుటకు మమ్ము ప్రేరేపించినది సముద్రము కాదు. మన కాలువగట్టున దొరికిన యొక చిన్న గుల్లయు, దానిని చూచి మేము చేసిన యొక పొరపాటును ఇందుకు కారణములు. ఆ పొరపాటును దాచక మొదటనే చెప్పుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట వానకాలమున తొమ్మిదవ తరగతి బాలుడొకడు రెండు నత్తగుల్లలను తెచ్చి మా బల్లమీద పెట్టెను. ఒకటి ఊరి చెరువులోనిది. అది నున్నగా, ముదురు గోధుమ వన్నెతో, చక్కని గుండ్రని ఆకారముతో నుండెను. రెండవది చెరకు పొలముల నడుమ పారు కాలువగట్టున దొరికినది. దాని కొన తెల్లబడి, గుంటలుపడి, ఏదో పురుగు కొరికినట్లుండెను. "ఇది యేల ఇట్లున్నది?" అని బాలుడు అడిగెను. సముద్రతీరములయందు గుల్లల ఆకారమును చూచి నీటి మాలిన్యమును కనిపెట్టుదురని మేము అంతకు కొద్దిదినముల ముందే చదివియుంటిమి. ఆ చదువు తలలో క్రొత్తగా నుండుటచేత వెనుకముందు చూడక, "కాలువ నీరు చెడినది, అందుచేతనే గుల్ల తినబడినది" అని చెప్పి, నల్లబల్లమీద ఆ మాటయే వ్రాసితిమి.

పిల్లలు ఆ మాటను ఇండ్లకు మోసికొనిపోయిరి. మూడవనాడు ఒక రైతు పాఠశాలకు వచ్చెను. ఆయన గేదెలు ఆ కాలువలోనే నీరు త్రాగును. ఆయన వాకిట నిలువబడి, "సారూ, మా కాలువ నీళ్లు విషమని పిల్లగాండ్లకు చెప్పిన్రంట. రెండు దినాలాయె, ఊర్లె మా పాలు ఎవ్వరు తీసుకుంటలేరు. ఒక్క గుల్ల జూసి చెప్పిన్రా?" అని అడిగెను.

మాకు జవాబు తోచలేదు. ఆయనను కూర్చుండబెట్టి, ఒక్క గుల్లను చూచియే చెప్పితిమని ఒప్పుకొంటిమి. గుల్ల నిజముగా ఏమి చెప్పగలదు, ఏమి చెప్పజాలదు అను సంగతిని ఆనాటినుండి మరల మొదటినుండి నేర్చుకొంటిమి. అట్లు నేర్చుకొన్న దానినే ఇచ్చట విద్యార్థుల యెదుట, వారి తల్లిదండ్రుల యెదుట ఉంచుచున్నాము.

గుల్ల యెట్లు ఏర్పడును?

నత్త శరీరము మెత్తనిది. దానికి ఎముకలు లేవు. శరీరమును కప్పియుండు పలుచని మడత యొకటి కలదు, దానిని ప్రావారమందురు. ఈ ప్రావారము నీటినుండియు ఆహారమునుండియు సున్నపు అంశమును గ్రహించి, తన అంచున కొంచెము కొంచెముగా గుల్లను కట్టును. గుల్లలో అధికభాగము కాల్షియం కార్బొనేటు అను పదార్థము. సున్నపురాయియు, కోడిగ్రుడ్డు పెంకును ముఖ్యముగా ఆ పదార్థమే. సముద్రతీరములయందు గుల్లలను బట్టీలో కాల్చి గుల్లసున్నము చేయుట పూర్వమునుండి యున్న వృత్తి. మన ప్రాంతమునకు దగ్గరి యుదాహరణము చెప్పవలెనన్న, 1937లో బోధనునందు స్థాపితమై 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారమును ఎరుగనివారు మనలో లేరు. చక్కెర మిల్లులలో చెరకు రసమును తేటపరచుటకు సున్నపు పాలు కలుపుదురు. ఆ సున్నమును, నత్త తన యింటికి వాడు సున్నమును ఒక్క జాతివే.

సున్నపు పొరలమీద పలుచని చర్మమువంటి పైపొర యొకటి యుండును. చెరువు నత్తగుల్లకు గోధుమ వన్నెగాని ఆకుపచ్చ వన్నెగాని యిచ్చునది ఇదియే. ఇది గుల్లకు రక్షణ. ఈ పొర అరిగిపోయినచోట పుల్లని గుణముగల నీరు సున్నమును తాకి కరిగించును. ఒక గుల్ల విరిగిన అంచుమీద నిమ్మరసపు చుక్క వేసి చూడుడు. సన్నని బుడగలు పొంగును. ఆ బుడగలు సున్నము కరగుచుండగా వెడలెడు బొగ్గుపులుసు వాయువు.

గుల్లలో కొన అన్నిటికంటె పాతభాగము, నత్త పుట్టిననాటిది. పెదవి, అనగా నత్త తల వెలికి వచ్చు నోటి అంచు, అన్నిటికంటె క్రొత్తది. నత్త తాను కట్టిన చుట్టును విప్పి మరల కట్టుకొనజాలదు. కావున గుల్ల పూర్వకాలపు పట్వారీ వ్రాసిన పహాణీవంటిది. ఏ కాలమున మేత చక్కగా దొరికెను, ఏ కాలమున ఎదుగుదల నిలిచెను, ఎప్పుడు దెబ్బతగిలెను అను సంగతులు వరుసగా అందు నిలిచియుండును. నీరు మారిన, నత్త కట్టుకొను గోడయు మారవచ్చును. గుల్ల సాక్ష్యము చెప్పుననుటకు ఆధారము ఇదియే.

ఆకారము మారుటకు పలు కారణములు

అయినను పహాణీలో పంట తగ్గినట్లున్నంతమాత్రమున తెగులు వచ్చెనని చెప్పరాదు. వానలు లేకయుండవచ్చును, విత్తనము చెడినదై యుండవచ్చును. గుల్లయు అట్టిదే.

ఇంగ్లాండు మొదలగు దేశముల రాతి తీరములయందు డాగ్‌వెల్కు అను చిన్న సముద్రపు నత్త కలదు. రాళ్లనంటియుండు బార్నకిళ్లను, చిన్న ఆల్చిప్పలను తొలిచి తినుట దాని జీవనము. అలలు గట్టిగా కొట్టుచోట నివసించు డాగ్‌వెల్కు గుల్ల పొట్టిగాను, నోరు వెడల్పుగాను ఉండును. నోరు వెడల్పైనచో నత్త తన పెద్ద పాదమును రాతికి గట్టిగా అదిమిపట్టుకొనవచ్చును. అల దానిని ఊడ్చుకొనిపోదు. అలల తాకిడి లేని ప్రశాంతమైన చోట పీతలు హెచ్చు. పీత తన డెక్కతో గుల్లను నొక్కి పగులగొట్టును. అచ్చటి నత్తల గుల్లలు పొడవుగా, దళసరిగా, ఇరుకైన నోటితో నుండును. ఇంతేకాదు. పీతలున్న తొట్టి నీటిని తెచ్చి డాగ్‌వెల్కులున్న తొట్టిలో పారించినచో, పీతను కంటితో చూడకపోయినను, ఆ నీటి వాసనకే నత్తలు తమ గుల్లలను దళసరి చేసికొనునని శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి.

కావున రెండు చోట్ల గుల్లలు వేరువేరుగా నున్నవని తెలిసినంతనే ఒక చోటి నీరు విషమని తీర్మానించుట తగదు. అలలు, పీతలు, మేత, నత్త వయస్సు, నీటిలోని సున్నపు పాలు, ఇవన్నియు తమ తమ వంతు చేయును. వీటినెల్ల తీసివేసిన పిమ్మట మిగిలిన భేదమే మాలిన్యమునకు సాక్ష్యము కాగలదు.

ఆర్కషాన్ అఖాతపు ఆల్చిప్పలు

ఆ సాక్ష్యము నిజముగా నిలిచిన సందర్భములు కలవు. వానిలో ముఖ్యమైనది ఫ్రాన్సు దేశపు పడమటి తీరమునందలి ఆర్కషాన్ అఖాతమున జరిగినది. ఆల్చిప్ప నత్త కాదు గాని నత్తకు దగ్గరి చుట్టము. అదియు ప్రావారముతోనే గుల్ల కట్టుకొనును. ఆ అఖాతమున ఆల్చిప్పలను పెంచి అమ్ముకొని జీవించు కుటుంబములు అనేకములు. 1970-80 మధ్యకాలపు చివరి సంవత్సరములలో అచ్చటి ఆల్చిప్పలకు క్రొత్త పిల్లలు నిలుచుట తగ్గిపోయెను. పెద్దవాని గుల్లలు వింతగా దళసరెక్కి, పొరకును పొరకును నడుమ గదులు గదులుగా ఏర్పడి, వానిలో జిగురువంటి పదార్థము నిండెను. చదునుగా నుండవలసిన ఆల్చిప్ప ఉండవలె ఉబ్బెను. లోపలి జీవి మాత్రము చిక్కిపోయెను. అట్టి సరకును కొనువారు లేరు.

కారణమును వెదకగా పడవల అడుగున పూసెడు రంగు దొరికెను. సముద్రమున నిలిచిన యే ఓడ అడుగునైనను కొద్దిదినములలో బార్నకిళ్లు, నాచు, ఆల్చిప్పలు అంటుకొని పెరుగును. ఓడ వేగము తగ్గును, ఇంధనపు ఖర్చు హెచ్చును. వీనిని అంటనీయకుండుటకు ట్రైబ్యుటైల్ టిన్ను అను తగరపు సమ్మేళనమును కలిపిన రంగులను 1960 తరువాతి సంవత్సరములనుండి విరివిగా వాడజొచ్చిరి. రంగునుండి ఆ విషము కొంచెము కొంచెముగా నీటిలోనికి దిగుచుండును. ఓడను కాపాడుటకు పూసిన మందు ఓడనంటని జీవులను గూడ దెబ్బతీసెను. ఫ్రాన్సు ప్రభుత్వము 1982లో 25 మీటర్లకంటె చిన్న పడవలకు ఈ రంగును నిషేధించెను. తరువాత ఆల్చిప్పలు క్రమముగా కోలుకొనెను. కారణమును తొలగించినంతట ఫలము తొలగెను గనుక సాక్ష్యము బలపడెను. న్యాయస్థానమున గూడ ఇంతకంటె గట్టి రుజువు దొరకుట కష్టము.

డాగ్‌వెల్కు చెప్పిన సంగతి

ఇంగ్లాండు తీరమున డాగ్‌వెల్కు మరియొక విధముగా సాక్ష్యమిచ్చెను. 1970లో ప్లిమత్ రేవు ప్రాంతపు ఆడ డాగ్‌వెల్కులలో మగవాని లక్షణములు ఏర్పడుటను ఒక శాస్త్రజ్ఞుడు గుర్తించి ప్రకటించెను. మరుసటి సంవత్సరము అమెరికాలో మరియొక జాతి సముద్రపు నత్తలయందు ఇట్టి మార్పునే కనుగొని, దానికి ఇంపోసెక్సు అను పేరు పెట్టిరి. చాల సంవత్సరముల వరకు దాని కారణము స్థిరముగా తెలియలేదు. 1986లో ప్లిమత్ నందలి పరిశోధకులు పడవల రేవులకు దగ్గరగా నున్న నత్తలలో ఈ మార్పు హెచ్చుగాను, దూరమునందలి వానిలో తక్కువగాను ఉండుటను చూపి, ఆ తగరపు రంగే కారణమని నిరూపించిరి. మార్పు ముదిరిన ఆడ నత్త గ్రుడ్లను విడువజాలక చచ్చును. డాగ్‌వెల్కు పిల్లలు నీటిలో తేలి దూరము పోవు జాతివి కావు. పుట్టిన రాతి దగ్గరనే పెరుగును. కావున ఒక తీరమున ఆడవి నశించినచో బయటినుండి వచ్చి చేరునవి లేక ఆ తీరమే నత్తలు లేనిదగును.

ఈ మార్పును కలిగించుటకు ఎంత విషము చాలునో చూడుడు. ఒక గ్రామును నూరుకోట్ల పాళ్లు చేసి, అందొక పాలును ఒక లీటరు నీటిలో కలిపిన చాలును. అంత సూక్ష్మమైన దానిని పసిగట్టుటకు ఖరీదైన యంత్రములు కావలెను. నత్త దానిని తన శరీరముతోనే చెప్పెను. బ్రిటను 1987లో చిన్న పడవలకు ఆ రంగును నిషేధించెను. అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2001లో ఒక ఒడంబడికను ఏర్పరచగా, అది 2008 సెప్టెంబరు 17న అమలులోనికి వచ్చెను. నోరులేని చిన్న నత్త ప్రపంచపు ఓడలకన్నిటికి వర్తించు శాసనమునకు కారణమయ్యెను.

ఇచ్చట విద్యార్థులు ఒక భేదమును గమనింపవలెను. ఆల్చిప్ప సాక్ష్యము గుల్లలోనే కనబడెను. డాగ్‌వెల్కు సాక్ష్యము గుల్లలోపలి శరీరమునందు దొరికెను. గుల్ల ఆకారము మాత్రమే చాలునా అను ప్రశ్న అందువలన మిగిలెను. దక్షిణ అమెరికాలో అర్జెంటీనా దేశపు పటగోనియా తీరమున ఈ ప్రశ్నను విచారించిరి. అచ్చటి పరిశోధకులు ఓడలు నిలుచు రేవునందలి నత్తలను, ఓడలు పోని చోటి నత్తలను తెచ్చి, ప్రతి గుల్లమీద నిర్ణీతమైన బిందువులను గుర్తించి, ఆ బిందువుల స్థానములను గణితముచేత పోల్చి, 2011లో తమ ఫలితములను ప్రకటించిరి. కంటికి ఒక్కటిగా తోచు గుల్లల ఆకృతిలోను భేదము తేలెను. అయినను వారు ఆకృతినొక్కదానినే నమ్మక, గుల్ల నిర్మాణమును గూడ పరీక్షించి, రెంటిని కలిపియే చెప్పిరి.

మన దేశపు తీరములు

మన దేశమున గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ పరిశోధకులు క్రోనియా కొంకణెన్సిస్ అను నత్తయందు ఇంపోసెక్సును గుర్తించి 1999లో ప్రకటించిరి. అనగా ప్లిమత్‌లో కనబడిన వ్యాధి మన పడమటి తీరమునకును వచ్చియుండెనని తేలెను.

తెలుగువారి తీరమున ఇట్టి విచారణకు తగిన స్థలము విశాఖపట్టణము. అచ్చటి రేవు 1933లో తెరవబడెను. డాల్ఫిన్స్ నోస్ అను కొండ ప్రక్కనుండి ఇరుకైన కాలువగుండా ఓడలు లోపలి రేవునకు పోవును. 1941లో నౌకానిర్మాణశాలకు పునాది పడెను. 1948లో జలఉష అను ఓడ అచ్చటినుండి నీటిలోనికి దిగెను. 1957లో చమురుశుద్ధి కర్మాగారము ప్రారంభమయ్యెను. లోపలి రేవునకు సముద్రముతో సంబంధము ఆ యిరుకు కాలువ మాత్రమే గనుక అందులోని నీరు త్వరగా మారదు. గెడ్డలద్వారా దిగిన మురుగు అందే నిలుచును. కొండకు బయట మాత్రము అలలు స్వేచ్ఛగా కొట్టు రాతి తీరము కలదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జంతుశాస్త్రాచార్యులైన పి. ఎన్. గణపతిగారును, వారి సహచరులును 1950 తరువాతి సంవత్సరములలో ఈ రేవున ఓడలకును కొయ్యలకును అంటుకొను జీవులను గూర్చి శ్రద్ధతో పరిశోధించిరి.

మన విద్యార్థులెవరైనను పై చదువులకు విశాఖ పోయినచో ఈ రెండు చోట్లను చూడగలరు. కాని రేవులోపలి గుల్లకును బయటి రాతిమీది గుల్లకును భేదము కనబడిన, వెంటనే రేవు నీటిని నిందింపవలదు. లోపల అలలు లేవు, బయట అలలు గలవు. డాగ్‌వెల్కు మనకు నేర్పిన మొదటి పాఠమును మరువరాదు. రేవు లోపలి నత్తను, అలల తాకిడి లేని మరియొక శుభ్రమైన మరుగు చోటి నత్తతో పోల్చవలెను.

మరల మన కాలువగట్టునకు

రైతు వచ్చిపోయిన పిదప వచ్చిన శనివారమున తొమ్మిదవ తరగతివారిని వెంటబెట్టుకొని బయలుదేరితిమి. ఆ రైతే ముందు నడచి కాలువ వెంబడి గుల్లలు దొరకు చోట్లను చూపెను. కాలువగట్టున ముప్పది, చెరువుగట్టున ముప్పది ఖాళీ గుల్లలను ఏరితిమి. ఏరిన ప్రతి గుల్లమీద పెన్సిలుతో గుర్తు వ్రాయించి, పొడవును వెడల్పును కొలిపించి పట్టీలో ఎక్కించితిమి.

అప్పుడు తేలినదేమనగా, చెరువు గుల్లలలోను పెద్దవాని కొనలు తినబడియే యుండెను. కాలువ గుల్లలలోను చిన్నవాని కొనలు చక్కగానే యుండెను. గుల్ల కొన అన్నిటికంటె పాతభాగము గనుక పైపొర మొదట అరగునది అచ్చటనే. వయస్సు మీరిన నత్తకు కొన అరుగుట ముసలివానికి పండ్లు అరుగుటవంటిది. బాలుడు మొదట తెచ్చిన రెండింటిలో చెరువుది పడుచు గుల్ల. కాలువది ముసలి గుల్ల, అదియు చాలకాలము ఎండలో పడి వెలిసినది. మేము నీటిని పోల్చుచున్నామనుకొని వయస్సును పోల్చితిమి. ఒకే పరిమాణముగల గుల్లలను జతపరచి చూచినప్పుడు మా కొలబద్దకు అందినంతవరకు రెండు చోట్లకును భేదము కనబడలేదు.

సోమవారమునాడు నల్లబల్లమీద "మేము చెప్పినది తప్పు" అని వ్రాసి, ఎట్లు తప్పైనదో పాఠముగా చెప్పితిమి. ఆ సాయంకాలము రైతు పాలుపోయు వాడకు పోయి ఇంటింట ఆ మాటయే చెప్పితిమి. తప్పు మాట ఒక్క పూటలో ఊరంతయు తిరిగెను. దానిని త్రిప్పి తెచ్చుటకు మాకు మూడు సాయంకాలములు పట్టెను. ఆయన పాలు మరల అమ్ముడుపోయెను. మమ్ము ఆయన నిందింపలేదు గాని, "ఇకనుంచి లెక్కబెట్టి చెప్పు సారూ" అని మాత్రము అనెను.

దీనిని విని, గుల్లలలో భేదము లేదు గనుక కాలువ నీరు మంచిదని మరియొక తొందరపాటునకు పోరాదు. మన చెరువులలోని పెద్ద నత్త, అనగా నత్తగుల్ల కొంగలు ఏరుకొని తిను గుండ్రని నత్త, మొప్పతోను ఊపిరితిత్తితోను రెండు విధముల శ్వాసించును. చక్కెర మిల్లులనుండిగాని, సారా బట్టీలనుండిగాని తీపిగల మురుగు నీటిలో కలిసినప్పుడు సూక్ష్మజీవులు దానిని తినుచు నీటిలోని ప్రాణవాయువును హరించును. చేపలు ఊపిరాడక చచ్చును. ఈ నత్త మాత్రము నీటిపైకి గొట్టమువంటి అవయవమును చాచి గాలి పీల్చుకొని బ్రతుకును. కావున నత్త బ్రతికియున్నదని నీరు మంచిదనరాదు. ఏ కీడునకు ఏ జీవి కదలునో ఎరిగి, ఆ జీవినే ఆ కీడునకు సాక్షిగా పిలువవలెను.

విద్యార్థులు చేయదగిన పని

ఈ పరిశీలనకు ధనము అక్కరలేదు. ఒక కొలబద్ద, రెండు నున్నని చెక్కముక్కలు, ఒక నోటుపుస్తకము చాలును. గుల్లను రెండు చెక్కల నడుమ నిలిపి చెక్కల మధ్య దూరమును కొలిచిన పొడవు తెలియును, అట్లే వెడల్పు. వెడల్పును పొడవుచేత భాగించుడు. ఉదాహరణమునకు 40 మిల్లీమీటర్ల పొడవు, 36 మిల్లీమీటర్ల వెడల్పుగల గుల్లకు 0.90 వచ్చును, వెడల్పు 34 అయిన 0.85 వచ్చును. ఈ అంకెయే గుల్ల ఎంత గుండ్రనిదో, ఎంత సన్ననిదో చెప్పును. అంగడి త్రాసుమీద తూచిన, ఒకే పొడవుగల గుల్లలలో ఏది దళసరిదో, ఏది పలుచనిదో తెలియును.

ఈ క్రింది నియమములను తప్పరాదు. ఒకే జాతి గుల్లలనే పోల్చవలెను. ఒకే పరిమాణముగల వానినే జతపరచవలెను. ప్రతిచోట ముప్పదికి తక్కువ గాకుండ ఏరవలెను. బాగున్నవానినో చెడినవానినో వెదకి ఏరక, కంటబడిన వానిని వరుసగా తీయవలెను. అనుమానము గల చోటు ఒకటి, శుభ్రమైన చోటు ఒకటి చాలదు. రెండేసి మూడేసి చోట్లు చూడవలెను. తేదీ, స్థలము, ఏరినవారి పేరు వ్రాయవలెను. ఖాళీ గుల్లలనే తీయుడు, బ్రతికినవానిని చంపకుడు. పశువుల కాలేయమునకు పట్టు పురుగు కొంతకాలము చిన్న నత్తలలో పెరుగును గనుక పని ముగిసినంతట చేతులను సబ్బుతో కడుగుకొనుడు. గుల్లలు భేదము చూపినచో, అది అనుమానము మాత్రమే. పిదప చేపలను, నీటి పురుగులను, నీటి వాసనను, వన్నెను విచారించి, తుదకు నీటిని ప్రయోగశాలకు పంపించి పరీక్ష చేయింపవలెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు గుల్లలను, రాళ్లను ఇంటికి తెచ్చినప్పుడు చెత్తయని పారవేయకుడు. ఎచ్చట దొరికినది, ఎన్ని దొరికినవి అని ఒక్క ప్రశ్న అడుగుడు. ఆ ప్రశ్న మమ్ము ఒక రైతు అడిగినది. మేము శిక్షణ కళాశాలలో నేర్చినదానికంటె అది తక్కువ పాఠము కాదు.

మన ప్రాంతపు నీరు సముద్రమునకు పరాయిది కాదు. 1931లో పూర్తియైన నిజాంసాగరు మంజీరా నదికి కట్టిన కట్ట. ఆ మంజీరా కందకుర్తి యొద్ద గోదావరిని కలియును. గోదావరి మన జిల్లాను దాటి, భద్రాచలమును రాజమహేంద్రవరమును దాటి, అంతర్వేది మొదలగు చోట్ల బంగాళాఖాతమున పడును. మనము నేడు కాలువలో పారవేసినదానిలో కరగిపోనిది యేదైనను ఒకనాటికి ఆ తీరమునందలి నత్త ఇంటిగోడలో చేరవచ్చును. కావున నీటిని చెరుపకుండుట మన విధి. చెరుపనివానిమీద చెరిపినాడని నింద మోపకుండుటయు మన విధియే. గుల్ల తనకు తెలిసినదే చెప్పును. దానిని పూర్తిగా చదువు ఓపిక మనకుండవలెను.

అభ్యాసము

1. గుల్లలో అన్నిటికంటె పాతభాగమేది? అది మొదట అరుగుటకు కారణమేమి?

2. అలలు కొట్టు తీరమున డాగ్‌వెల్కు నోరు వెడల్పుగా నుండుటవలన దానికి కలుగు లాభమేమి? పీతలున్నచోట ఇరుకుగా నుండుటవలన కలుగు లాభమేమి?

3. ఆర్కషాన్ అఖాతమున రంగును నిషేధించిన పిదప ఆల్చిప్పలు కోలుకొనుట రుజువును ఎట్లు బలపరచెను?

4. కాలువ గుల్లను చెరువు గుల్లతో పోల్చినప్పుడు మేము చేసిన తప్పులను లెక్కించి వ్రాయుడు. రెండింటికి తక్కువ గాకుండ చూపవలెను.

5. మీ యూరి రెండు నీటిపట్టులనుండి ముప్పదేసి ఖాళీ గుల్లలను ఏరి, కొలిచి, పట్టీ వ్రాసి తరగతికి తెండు. ఫలితము మీరు తలచినట్లు రాకున్నను దానిని మార్చక ఉన్నది ఉన్నట్లు వ్రాయుడు.